లాయరుగారి బిల్లులో నా మాటలు

పెద్ద దుప్పటిని ఒక్కదాన్నే మడతపెట్టాలంటే ఒక కొసను గడ్డం కింద నొక్కిపట్టుకోవాలి. నేను అలా నిలబడి ఉండగా, మంచం మీద పెట్టిన ఫోన్లోంచి పెద్దన్నయ్య అన్నాడు. "లాయరుగారితో మాట్లాడిందంతా నువ్వే కదమ్మా. మాట్లాడినవాళ్లు ఫీజు కట్టుకోవడం న్యాయం. నీ దగ్గర లేదంటావా, మేమే కడతాం. నువ్వు వాటా వదులుకున్నట్టు సంతకం పెట్టేయ్. చెల్లుకు చెల్లు." నోరు తెరిస్తే దుప్పటి జారిపోతుంది. ఊఁ అన్నాను.

నాన్న పోయాక ఆయన ఇంటిని మా ముగ్గురికీ పంచే పని లాయరుగారికి అప్పగించాం. మా వంశంలో డిగ్రీ దాకా చదివింది నేనే మొదలు. పట్టా చేతికొచ్చిన రోజు నుంచీ నేను ఇంటికి ప్లీడరమ్మను. అర్జీ రాయాలన్నా, ఆసుపత్రి కాగితం చదివి చెప్పాలన్నా "ప్లీడరమ్మ ఏదీ?" అనేవాళ్లు. ఆ పిలుపు నాకు ఇష్టంగానే ఉండేది, కాదనను. అన్నయ్యలకు ఏ అనుమానం వచ్చినా, ఆఫీసులో భోజనం వేళ మెట్ల మీద కూర్చుని లాయరుగారికి నేనే ఫోన్ చేసేదాన్ని. ఫోన్ ఎత్తగానే పని మాట మొదలుపెట్టడం మాకు చేతకాదు. వాళ్లమ్మగారి మోకాలి నొప్పి ఎలా ఉందో, తైలం పనిచేసిందో లేదో అడిగాకే మా గొడవ. మాట్లాడినంతసేపటికీ ఫీజు ఉంటుందని ఆ లాయరావిడ మొదటే చెప్పారు. మోకాలు కూడా అందులోకి వస్తుందని నాకు తోచలేదు. బిల్లు చూసి చిన్నన్నయ్య, "అయితే ఆ పెద్దావిడకి వైద్యం మనమే చేయించామన్నమాట" అని నవ్వాడు. మావారు నవ్వలేదు. అద్దం ముందు గుండీలు పెట్టుకుంటూ, "ఆ సంతకమేదో పెట్టేసి రా, పీడ పోతుంది. అయినా వాటా తెచ్చుకుని ఏం చేస్తావు నువ్వు?" అన్నారు.

ఏం చేస్తాను? ఆ ప్రశ్నతోనే, బిల్లు పట్టుకుని లాయరుగారి ఆఫీసుకి బస్సెక్కాను. వానకు తడిసిన కిటికీ అద్దం మీద వీధి కరిగి జారుతోంది. కరుగుతున్న వీధి వెనక నాన్న ఇంటి మేడగది కనిపించింది. అందులో నేను కూర్చుని ఉన్నాను. ఏమీ చేయడం లేదు. ఎవరూ మంచినీళ్లు అడగడం లేదు, ఎవరి సాక్సూ కనపడకుండా పోలేదు. నేల మీద ఎండ పిల్లిలా మెల్లగా వచ్చి నా పాదాల దగ్గర పడుకుంది. దాన్ని లేపడం ఇష్టంలేక కదలకుండా ఉండిపోయాను. చూసుకునేసరికి దిగాల్సిన స్టాపు దాటిపోయింది. తడి రోడ్డు మీద వెనక్కి నడిచాను.

లాయరుగారు బిల్లు ఒకసారి పైనుంచి కిందకి చూశారు. "మా అమ్మ మోకాలి మాటలు తీసేస్తాను. మా అసిస్టెంటు కలిపేసింది, పొరపాటు మాదే. మిగతాది ముగ్గురి పనికీ అయిన ఖర్చు. ఫోన్ ఎవరి చేతిలో ఉందన్నది లెక్కలోకి రాదు. ముందు ఉమ్మడి ఆస్తిలోంచి ఫీజు తీసి, ఆ తర్వాతే వాటాలు. మీ అన్నయ్యలకి ఆ ముక్క నేనే చెప్తాను."

"మంచిదండీ" అని లేచాను. వచ్చిన పని అయిపోయింది.

"ఉండండి. చెల్లెలు వాటా వదులుకోవాలంటే ఏ కాగితం రాయాలని ఓసారి అడిగారు. ఆ చెల్లెలు మీరే కదా?"

"అవునండీ. పెద్దన్నయ్య కనుక్కోమన్నాడు."

"కనుక్కోమంటే కనుక్కున్నారా?"

కనుక్కున్నాను. ఎవరో ఊరూపేరూ తెలియని ఆడమనిషి గురించి అడిగినట్టు అడిగాను. లాయరుగారు చెప్పింది ఒక్క మాట పొల్లుపోకుండా అన్నయ్యకు అప్పజెప్పాను. మా చెల్లెలు ఎంత చక్కగా చెప్పిందో అని వాడు మురిసిపోతే, నేనూ మురిసిపోయాను.

"ఇన్నిసార్లు మాట్లాడారు, మీ కోసం ఒక్క మాటా అడగలేదు మీరు" అన్నారు లాయరుగారు, నిష్ఠూరంగా కాదు, జ్వరం చూసి చెప్పినట్టు.

పైన ఫ్యాను తిరుగుతోంది. మళ్లీ కుర్చీలో కూర్చున్నాను. నా గొంతు ఎక్కడో పక్కగదిలోంచి వస్తున్నట్టు వినిపించింది.

"ఇప్పుడు అడుగుతానండీ. దీని ఫీజు వేరేగా నా పేరున రాసుకోండి. నేను సంతకం పెట్టకపోతే ఏమవుతుంది?"