పంపు మూతికి స్పాంజి

పొద్దుగాల షట్టర్ లేపంగనే నేను చేసే మొదటి పని ఊడ్చుడు కాదు. ఏ ట్యాంకుల ఏ చేప పంపుకు అతుక్కున్నదో చూసుడు. గాజు తొట్టి మూలకు నిలవెట్టిన పంపు దినమంత నీళ్లు గుంజుకుంటది, లోపలున్న దూదిల వడగట్టి మల్ల బయటికి ఎల్లగొడ్తది. గుంజేటి కాడ సన్నటి చీలికలుంటయి. అదే దాని మూతి. పెద్ద చేపకు ఏం కాదు, దగ్గరికి పోయినా తోక కొట్టి తప్పించుకుంటది. అప్పుడే పుట్టిన గప్పీ పిల్లలు, పొడుగు తోకల ఫైటర్లు, ఒంట్ల బాగలేక అడుగుకు చేరినయి, గివే దొరుకుతయి. దొరికిన చేపను చేత్తోని గుంజొద్దు. తోక చీలికలనే ఉంటది, చేప మాత్రం చేతికొస్తది. ముందు స్విచ్ బందు చెయ్యాలె. నీళ్లు నిమ్మళమైనంక అదే ఊడుతది. ఊడి, కొంచెంసేపు ఏమైందో తెల్వనట్టు పక్కకు ఒరిగి, మల్ల ఈదుతది. కొన్ని ఈదవు.

తాండూరు బస్టాండుకు పోయే తొవ్వల మా దుకాణం. బోర్డు మీద మా ఆయన మల్లేశ్వర్ పేరు ఉంటది. కౌంటర్ మీద ఆయన కూసుంటడు. తొట్లు కడుగుడు, నీళ్లు మార్చుడు, జబ్బు చేపలను ఏరు చేసుడు, వాటికి మందు కలుపుడు, ఇవన్ని నాయి. ఇంటి వెనక సిమెంటు తొట్లల్ల గప్పీలను పెంచేది సుత నేనే. తల్లి ఈననీకి వచ్చిందంటె దాన్ని ఏరే తొట్లెకు మార్చాలె, లేకుంటె పిల్లలను అదే తింటది. నెలలు నిండిన కడుపు ఎట్లుంటదో, చేపలల్ల సుత నాకు సూడంగనే తెలుస్తది. అయినా ఎవరన్న "మీ ఇంటామె ఏం చేస్తది?" అని అడిగితె ఆయన "ఏం లేదు, ఇంట్లనే ఉంటది, అప్పుడప్పుడు దుకాణంల కూసుంటది" అంటడు. కూసున్న దినం నాకైతె యాదికి లేదు.

మొదట్ల ఈ గుంజుడు ఆపనీకి నేను పాత చున్నీ బట్ట కట్టిన పంపుకు. సన్నటి బట్ట, చేప పిల్ల చొరబడది గదా అనుకున్న. బట్టకు పాచి పట్టి నీళ్లు ఆడక పంపు కాలిపోయింది. ఆ సంగతి మా ఆయన ఇప్పటిదాంక మరువడు. దుకాణానికి ఎవరొచ్చినా నవ్వుకుంట చెప్తడు: "మా ఆమె పంపుకు చున్నీ కప్పిందన్నా, సిగ్గయితదని." వాళ్లు నవ్వుతరు. నేను సుత నవ్వుతుంటి, నవ్వకపోతె మూతి ముడుచుకున్నదంటరని. తర్వాత తర్వాత నేనే తెలుసుకున్న, సన్నటి బట్ట కాదు, పెద్ద పెద్ద రంధ్రాలున్న స్పాంజి కావాలె. దాని నడుమ తొలిచి పంపు మూతికి తొడగాలె. అప్పుడు ఒక్క చీలిక కాడ ఉండే జోరు స్పాంజి అంతటికి పంచుకపోతది, చేప వచ్చి ఆనుకున్నా పట్టుకోదు. వారం వారం తీసి తొట్టి నీళ్లల్లనే పిండాలె. ఇది నేను కనిపెట్టింది కాదు, ఈ పని చేసేటోళ్లకు తెలిసిందే. కాని మా దుకాణంల ఈ పని చేసేది నేనొక్కదాన్నే గదా.

గీ ఎండకాలం వికారాబాద్‌ల పిల్లల డాక్టరు మనోరమ మేడమ్ తన క్లినిక్‌కు పెద్ద తొట్టి కావాలన్నది. సూదికి భయపడే పిల్లలు చేపలను చూసి నిమ్మళంగ ఉంటరని. మా ఆయన సంబురం ఆగలే. దుకాణంల ఉన్న అన్నిట్లకంటె జోరైన పంపు తీసిండు. చేపలు మాత్రం నా తొట్లల్లయి కావాలన్నడు. నేను ఎర్రయి, నీలపుయి ఏరి, కవర్లల్ల గాలి నింపి, రబ్బరు బ్యాండ్లు వేసి పెట్టిన. పంపు డబ్బల స్పాంజి కోసి పెట్టిన.

"ఇది ముందుగాల తొడుగు, తర్వాత స్విచ్ వెయ్యి. నావి చిన్న చేపలు," అన్న.

"నాకు చెప్తున్నవా?" అన్నడు.

పొయ్యిండు, పెట్టిండు, ఫోటోలు తెచ్చి చూపిచ్చిండు. తొట్టి మస్తు చక్కగున్నది. ఫోన్‌ల చేపలే చూసిన గాని పంపు దిక్కు చూడలె. అక్కడనే మోసపోయిన.

వారం తిరగకముందే ఫోను వచ్చింది. నేను కౌంటర్ పక్కన నిలబడి గాజు తుడుస్తున్న. ఫోన్‌ల మేడమ్ మాటలు నాకు సుత ఇనవడుతున్నయి. జ్వరమొచ్చిన చిన్నపిల్ల ఒకతి తొట్టి కాడ నిలబడి చూస్తుంటె, చేప తోక పంపుల చిక్కి కొట్టుకుంటున్నదట. పిల్ల ఏడ్చి ఏడ్చి గుక్క తిప్పుకోలేదట. రోజూ ఒకటి గట్లనే పోతున్నదట.

మా ఆయన నా దిక్కు చూడకుంటనే అన్నడు: "మేడమ్, పంపు మంచిదే. చేపలే, మా ఇంటామె పెంచినయి. ఆమెకు తెల్వది, బలం లేకుంట పెంచింది. ఈసారి హైదరాబాద్ నుంచి మాల్ తెచ్చిస్త, ఫికర్ చెయ్యకుండ్రి."

చేతిల గుడ్డ చేతిలనే ఉన్నది. బలం లేకుంట పెంచింది. ఈ మాట నాకు కొత్తది కాదు. మా సింధుజ పుట్టినప్పుడు, పిల్ల సన్నగ, నెలలు నిండకముందే పుట్టిందని దవాఖానల అందరు పరేషాన్‌ల ఉన్నప్పుడు, మా అత్త బీరమ్మ మంచం కాడికొచ్చి పిల్లను చూసి "బలం లేని పిల్లను కన్నవు" అన్నది. అట్ల అన్నది గాని పిల్లను ఎత్తుకోలేదు. మా ఆయన పక్కనే ఉండి ఏమనలేదు. నేను ఏడు నెలల గర్భంతోని సుత నీళ్ల డ్రమ్ములు మోసిన సంగతి ఎవరికి యాదికి రాలేదు. సింధుజ ఇప్పుడు ఇంటర్ చదువుతున్నది, కాలేజీల పరుగు పందెంల ముందర ఉంటది. అయినా పిల్లకు దగ్గొస్తె చాలు, ఆ మాట నా చెవుల్ల మోగుతది. మా నాయిన హన్మయ్య దోమ అనే ఊరి కాడ గొర్లు కాసేటోడు. మందతోని నడవలేని గొర్రెపిల్లను గొంగట్ల వేసుకొని నడిచేటోడు. మా తమ్ముడు ఒకసారి "అది సచ్చేదే గదా నాయినా" అంటె, "సచ్చేదాంక బతికే ఉంటది గద బిడ్డా" అన్నడు. నేను ఆ ఇంట్ల పుట్టినదాన్ని. బలం లేనిదాన్ని తప్పు పట్టుడు నాకు అలవాటు కాలేదు, ఎంత వినపడినా.

ఫోన్ పెట్టినంక ఆయన "సోమారం నేను పోయి మార్చి వస్త" అన్నడు.

"సోమారం దాంక రోజొకటి సావాల్నా?"

"చేపలే గదనే. గంత లొల్లి ఎందుకు?"

నేను ఇంటికొచ్చిన. అత్త వసారల మోకాళ్లకు నూనె రాసుకుంట కూసున్నది. "వికారాబాద్ పోతున్న అత్తా, బియ్యం కడిగి పెట్టిన, పప్పు చెయ్యలె" అన్న. ఎందుకని అడుగుతదనుకున్న. నా చేతిల స్పాంజి, కత్తెర, చేపలు పట్టే చిన్న జాలి చూసి, "వానొస్తదేమో, చెత్రి తీస్కపో. పప్పు నేను జూస్త" అన్నది. ఆమె నుంచి గంత మాట నేను అనుకోలేదు.

ప్యాసింజర్ రైలుల కిటికి కాడ సీటు దొరికింది. ఒక్కదాన్నే ఏ పని మీదనన్న ఊరు దాటి ఎన్నేండ్లయిందో. పెండ్లిళ్లకు, సావులకు పోయిన, గాని నా పని మీద పోలేదు. కంది కోసిన చేన్లు, రాయి తొవ్విన గుంతలు, గుంతలల్ల నిలిచిన పచ్చటి నీళ్లు. స్పాంజిని ఒడిల పెట్టుకొని కూసున్న. మేడమ్‌కు ఏం చెప్పాలె అని తొవ్వ పొడుగున అనుకున్న. నోటికొచ్చే మాట ఒక్కటే: "ఆయన మర్చిపోయిండు మేడమ్." గిట్ల ఎన్నిసార్లు చెప్పలేదు! ఆయన తాగొచ్చి పెండ్లిల పడిపోతె ఒంట్ల బాగలేదన్న. మా అన్నను మాటనంటె కోపిష్టి గాని మనసు మంచిదన్న. చెప్పి చెప్పి ఆ అబద్ధాలు నా నాలుకకు అన్నం తిన్నంత అలవాటైనయి.

క్లినిక్‌ల పిల్లలు, తల్లులు నిండుగున్నరు. నేను తొట్టి కాడికి పొయ్యేసరికి ఒక ఎర్ర గప్పీ పంపు చీలికలల్ల తోక ఇరికి అడ్డంగ ఊగుతున్నది. మొప్పలు ఇంక ఆడుతున్నయి. ముందు ప్లగ్గు తీసిన. పంపు మోత ఆగంగనే తొట్టి అంత నిమ్మళమైంది. గప్పీ జారి కిందికి పోయి, రాయి పక్కన పడుకున్నది. పంపు తీసి స్పాంజి తొడిగిన. చేపలు పండుకునే మూల నుంచి దాన్ని జరిపి, ఎల్లగొట్టే నీళ్లు గాజు గోడకు తగిలేటట్టు తిప్పిన, జోరు తగ్గాలని. పంపు మీద మీట ఉంటది, దాన్ని తక్కువకు పెట్టిన. మల్ల స్విచ్ వేస్తె తొట్టిల పెట్టిన గడ్డి ఆకులు మెల్లగ ఊగినయి, అంతే.

మనోరమ మేడమ్ పేషెంట్లను ఆపి బయటికొచ్చింది. నా పక్కన వంగి చూసింది.

"ఇది ముందే పెట్టొచ్చు కదమ్మా? మల్లేశ్వర్ గారికి తెలియదా?"

ఆయన మర్చిపోయిండు మేడమ్. మాట పెదవుల దాంక వచ్చింది. నేను దాన్ని మింగిన.

"తెలుసు మేడమ్. నేను కోసి డబ్బల పెట్టి పంపిన. ఆయన తొడగలేదు."

మేడమ్ ఆ నల్ల స్పాంజి దిక్కు మల్ల చూసింది, అప్పుడు యాదికొచ్చింది ఆమెకు. తర్వాత మెల్లగ అన్నది: "తప్పు నాది కూడా. ఆ రోజు ఆయన తొడిగితే నేనే అన్నాను, ఆ నల్లది చూడ్డానికి బాగోదు, తీసెయ్యమని. అది లేకపోతే చేపలకు ఇబ్బందా అని అడిగాను. ఏం కాదు మేడమ్ అన్నారు."

నేను తొట్టి అంచు పట్టుకొని నిలబడ్డ. ఇన్నిరోజులు ఆయనకు సమజ్ కాలేదని నేను అనుకున్న. చేపల సంగతి తెల్వదు, చెప్తె వినడు, మొండోడు, గంతే అనుకున్న. కాని ఆయనకు మంచిగ తెలుసు. తెలిసి, పెద్ద మేడమ్‌కు కాదు అని చెప్పనీకి నోరు రాక తీసిండు. చేపలు సస్తె ఆ మేడమ్‌ను అనలేక, తనను తాను అనుకోలేక, నన్ను అన్నడు. నేను పక్కనే నిలబడి గాజు తుడుస్తుంటె. గంత ఈజీగ. చెయ్యి చాపి గోడకున్న బట్ట తీసుకున్నట్టు.

"మీ చేపలు బలంగానే ఉన్నాయమ్మా," అన్నది మేడమ్, "ఇంత జోరులో ఇన్నాళ్లు బతికాయంటే." కిందికి చూసిన. ఎర్ర గప్పీ రాయి పక్కన నుంచి లేచి, చినిగిన తోకతోని ఒక పక్కకు తూలుకుంట ఈదుతున్నది.

తిరిగొచ్చేసరికి పొద్దు గూకుతున్నది. సీదా దుకాణానికే పోయిన. ఆయన చాయ తాగుతున్నడు.

"అయ్యిందా? ఏమన్నది మేడమ్?"

"నేను స్పాంజి పంపిన, నువ్వు తొడగలేదని చెప్పిన. ఆమె తీసెయ్యమంటె తీసినవని ఆమెనే చెప్పింది."

చాయ గ్లాసు కింద పెట్టిండు. "బయటోళ్ల ముందట నా ఇజ్జత్ తీస్తివి గదనే!"

"నాది ఎవరి ముందట తీసినవు?"

"ఏదో ఫోన్‌ల అన్న మాట..."

"నాకు చేపలు పెంచుడు రాదన్నవు. గీ ఒక్క పని నాకొస్తది. గదే రాదన్నవు."

ఆయన ఏదో అనబోయిండు. అంతలనే కొడంగల్ నుంచి బండి మీద వచ్చే ఒకాయన లోపలికొచ్చిండు, మాకు పాత గిరాకే. కొత్త ఇంటికి తొట్టి కొనుక్కున్నడు, బయట నుంచి జోరైన పంపు సుత తెప్పిచ్చుకున్నడు. గప్పీలు కావాలె అన్నడు.

"ఇయ్యవే, మంచియి ఏరి," అన్నడు మా ఆయన, మాట మారిందన్న సంబురంతోని.

నేను జాలి పట్టుకోలేదు. "మీ పంపు మూతికి స్పాంజి తొడిగిండ్రా అన్నా?" అని అడిగిన.

"గదేంది? పంపుతోని అసువంటిది ఏం రాలే." ఆయన మా ఆయన దిక్కు చూసిండు. "ఏం మల్లేశ్వర్, గది లేకుంటె నడువదా?"

మా ఆయన నవ్విండు. "నడుస్తదన్నా. గామె గట్లనే అంటది, నువ్వు తీస్కపో."

తొట్లె నా చేపలు తిరుగుతున్నయి. నేను తొట్టి మీది మూత దించిన.

"స్పాంజి ఇక్కడ దొరుకుతది, కోసిస్త, తీస్కపోయి తొడుగుండ్రి. తొడిగినంక రాండ్రి," అన్న. "గప్పటిదాంక నేను అమ్మను."