దారిలో ఆగకూడని ఇల్లు

ఆ శుక్రవారం ఉదయం ఇంట్లో నలుగురం ఉన్నాం: పొయ్యి దగ్గర అమ్మమ్మ, చొక్కాలు ఇస్త్రీ చేస్తున్న అమ్మ, ప్రయాణానికి తయారైన హోయ్ట్ మామయ్య, నేను.

తాతయ్య తన రివాల్వర్ వెర్మాంట్‌లో ఉన్న పెద్దమామయ్యకు చెందాలని వీలునామాలో రాసి పోయాడు. దాన్ని కారులో తీసుకెళ్ళి ఇచ్చే పని హోయ్ట్ మామయ్యది. బొగ్గు గని మూతపడ్డాక ఏడాదిన్నర ఖాళీగా ఉన్న మామయ్యకు మా జిల్లా జైల్లో కాపలా ఉద్యోగం వచ్చింది. వచ్చే గురువారం చేరాలి.

మా కొండల్లో తుపాకీ కారు ముందు అరలో బండి కాగితాల మీదే పడి ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు. మామయ్య ఈసారి అలా చేయలేదు. తూటాలు తీసేసి, ఖాళీ అని మూడుసార్లు చూసుకుని, ఇనుప పెట్టెలో పెట్టి తాళం వేశాడు. పెట్టె డిక్కీలోకి వెళ్ళింది. తూటాలు వేరే సంచిలో కట్టాడు.

“చూశావా అక్కా, పోలీసోడు ఆపినా నాకే సెల్యూట్ కొట్టాలి!”

“ముందు ఆ చొక్కా గుండీలు సరిగ్గా పెట్టుకో, తర్వాత కొడతాడు” అంది అమ్మ.

అమ్మమ్మ ఆపిల్ మురబ్బా సీసాలు రెండు బల్ల మీద పెట్టింది. “ఇవి ఆర్డిత్‌కివ్వు. రెండ్రోజులుండి, ఆదివారం దాన్ని చర్చికి తీసుకెళ్ళి అప్పుడు కదులు.”

ఆర్డిత్ చిన్నమ్మమ్మ ఇల్లు న్యూయార్క్ రాష్ట్రంలో, దారి మీదే. చుట్టాల ఇల్లు తగిలితే తిని, పడుకుని వెళ్ళడం మావాళ్ళ పద్ధతి. ఒకసారి అమ్మ ఆగకుండా వెళ్ళిపోయిందని ఆవిడ నాలుగేళ్ళు క్రిస్మస్ కార్డు పంపలేదు.

నేను ముందే లైబ్రరీలో తుపాకుల చట్టం చదివి నా డైరీలో రాసుకున్నాను. మామయ్య కారు తాళం అందుకున్నాడు.

“అక్కడ ఉండకూడదు” అన్నాను.

“ఏంటే గొణుగుతున్నావు?” అంది అమ్మమ్మ.

“న్యూయార్క్‌లో లైసెన్సు లేకుండా పిస్తోలుంటే నేరం. ఆ రాష్ట్రం దాటిపోతున్నంతసేపే మనకి మినహాయింపు. పెట్రోలుకీ భోజనానికీ ఆగొచ్చు. రెండ్రోజులు కాపురం పెడితే దాటిపోతున్నట్టు కాదు.”

మామయ్య నవ్వాడు. “అబ్బో, లాయరమ్మగారు నోరు తెరిచారు! తాళమేసి డిక్కీలో పెట్టాను కదే. ఎవడు చూస్తాడు?”

“నా చెల్లెలి గుమ్మం ముందు నుంచి నా కొడుకు ముఖం చాటేసి పోతాడా? అది బతికుండగానే?” అమ్మమ్మ గరిటె గిన్నెలో వదిలేసింది.

“ఎవరూ చూడకపోవచ్చు మామయ్యా. చూస్తే జైల్లో నువ్వుండేది తాళంచెవులున్న వైపు కాదు.”

అమ్మ ఇస్త్రీ ఆపేసింది. మామయ్య నవ్వు కూడా ఆగింది. డైరీ తెమ్మని చేయి చాపాడు. నేను రాసుకున్న పేజీని వేలు పెట్టి వరస వరసా చదివాడు. “అమ్మా, ఇది చెప్పింది నిజమే. గురువారం ఉద్యోగం పోగొట్టుకోలేను. ఇంటికెళ్తే పిన్ని కదలనివ్వదు, దారిలో పెట్రోలు బంకు దగ్గరే కలిసి పోతాను” అన్నాడు.

అమ్మమ్మ కిటికీ వైపు తిరిగి నిలబడింది. భుజాలు ఎగిరిపడుతుంటే ఏడుస్తోందేమోననుకున్నాను. కాదు, కోపం.

“మూడ్రోజుల నుంచి వీడికోసం చికెన్ పులుసులో వేసే డంప్లింగు ఉండలకి పిండి దాచిందట ఆర్డిత్. హైవే పక్కన పెట్రోలు బంకు దగ్గరికి గిన్నె పట్టుకొచ్చి నిలబడమని ఎనభై ఏళ్ళదానికి ఎవరు చెప్తారు? నేను చెప్పను.”

“నేనా? నన్ను పీక్కుతింటుంది” అన్నాడు మామయ్య.

అమ్మమ్మ నా వైపు చూసింది. ఫోనంటేనే నాకు చెమటలు పడతాయని ఆమెకు తెలుసు. నా మోచేయి పట్టుకుని తన గదిలోకి నడిపించింది. మంచం పక్కనున్న ఫోన్ ఎత్తి, నంబరు తనే తిప్పి, రిసీవరు నా చేతిలో పెట్టింది.

“చట్టం చదివింది నువ్వేగా. చెప్పు.”

అవతల మోగుతుండగా ఆమె బయటికి వెళ్ళి తలుపు వేసేసింది.