అందరిదీ అయిన ఇంటిపేరు

మా యార్క్‌షైర్ లోయలో వాగు పేరు థార్న్‌గిల్. దాని ఒడ్డున గొర్రెలు మేపుకున్నవాళ్లందరికీ అదే ఇంటిపేరయింది. వీధిలో ఆ పేరుతో పిలిస్తే సగం ఊరు తిరిగి చూసేది. విల్ఫ్ అనే పేరున్నవాళ్లూ చాలామందే. అందుకే మిల్లు విల్ఫ్, కుంటి విల్ఫ్ అని పిలుచుకునేవాళ్లం. నేను ఎర్రజుట్టు విల్ఫ్‌ని.

నిన్న ఆసుపత్రిలో కొత్త నర్సు "థార్న్‌గిల్ గారూ!" అని కేకేసింది. మావాళ్లెవరో లేస్తారులే అని అలవాటు కొద్దీ కూర్చునే ఉన్నాను.

"మిమ్మల్నే తాతగారూ! జిల్లా మొత్తానికి ఆ పేరు మీ ఒక్కరికే ఉంది. వినపడలేదా?"

"వినపడకేం! అది మా అందరి పేరు. నన్ను ఎర్రజుట్టు విల్ఫ్ అని పిలువు" అని కసురుకున్నాను.

ఆ పిల్ల నా బట్టతల వైపు జాలిగా చూసి, చెయ్యి పట్టుకుని నెమ్మదిగా లోపలికి నడిపించింది.