మూరెడు పొద

కరెంటు తీగల కింద ఈ కొండవాలున పెరిగే పొదలను ఏటా ఒకే తేదీన నరుకుతారు. ఆ తేదీ నేను నిర్ణయించినదే. పదిహేడు వేసవులు పిట్టగూళ్లు లెక్కించి, అప్పటికి పిల్లలన్నీ ఎగిరిపోయి ఉంటాయని రాసి సంతకం చేశాను. ఆ పదిహేడేళ్లలో మంచు ఒక్కసారి కూడా ఆలస్యంగా కరగలేదు.

ఈ ఏడు ఆలస్యమైంది. నేల కనబడేవరకు పిట్టలు ఆగి, పద్దెనిమిది రోజులు వెనుకబడి గుడ్లు పెట్టాయి. నరికే రోజు ఉదయం పద్నాలుగు గూళ్లు చూసి వచ్చాను. పిల్లలు ఇంకా కళ్లు తెరవలేదు. ఎగరడానికి మరో తొమ్మిది రోజులు పడుతుంది.

ఈ లైను బాధ్యత చూసే ఇంజినీరు నా చెల్లెలి కూతురే. తిన్నగా ఆమె గదికి వెళ్లాను.

"కూర్చో పెద్దమ్మా. ముందు కాస్త ఊపిరి పీల్చుకో."

"కూర్చోను. తొమ్మిది రోజులు పని ఆపు."

"ఎలా ఆపను? ఎండలు ముదిరితే తీగలు సాగి కిందికి దిగుతాయి. పొదకు తగిలాయంటే మంటే. కింద ఆసుపత్రికి కరెంటు ఈ లైను మీదే వెళ్తుంది."

"పసికూనలే, కళ్లు కూడా తెరవలేదు!"

ఆమె ఒక కాగితం నా ముందుకు జరిపింది. "ఇది ఎవరి సంతకం? తేదీ మార్చాలంటే మూడు నెలల ముందు అర్జీ పెట్టాలని రాయించిందెవరు? మేం ఇష్టమొచ్చినట్టు ముందుకు జరిపేస్తామని మా మీద నమ్మకం లేక నువ్వే కదా పట్టుబట్టావు!"

"మూడు నెలల కిందట ఇక్కడంతా మంచే. నాకెలా తెలుస్తుందే?"

"అది నన్నడుగుతావేంటి పెద్దమ్మా?" అంది. ఆమె గొంతులో ఎగతాళి లేదు.

వాలు మీద అప్పటికే పొదలు నరికే మరలు మోగుతున్నాయి. మేస్త్రి నన్ను చూసి మర ఆపించాడు.

"గూళ్లెక్కడో చూపించండమ్మా. చుట్టూ మూరెడు పొద వదిలేస్తాం. మోకాలెత్తు ఉంటే తీగకు తగలదులెండి. మేమూ పిల్లలు గలవాళ్లమే."

పద్నాలుగూ చూపించాను. అతడు మాట తప్పలేదు. మధ్యాహ్నానికి వాలంతా బోడి అయి, పద్నాలుగు గుబురులు మాత్రం మిగిలాయి. ఎక్కడ వెతకాలో కాకులకు ఇక ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. ఒక గుబురు నుంచి మరో గుబురుకు తీరికగా నడిచాయి. నేను రాళ్లు రువ్వాను, అరిచాను. ఒకచోట తరిమితే ఇంకోచోట వాలాయి. సాయంత్రానికి ఒక్క పిల్ల కూడా మిగలలేదు. తల్లులు ముక్కున పురుగులతో వచ్చి, ఖాళీ గూళ్ల అంచున చాలాసేపు నిలబడ్డాయి.

గుడ్లు ముందుగా పెట్టిన ఏడాదిలో గూడు పోయినా మరోసారి పెట్టుకునే వ్యవధి ఉంటుంది. ఈ ఏడు లేదు. ఇప్పుడు పెట్టిన గుడ్లు పొదిగి పిల్లలయ్యేసరికి పురుగులు తగ్గి, రాత్రిళ్లు నీళ్లు గడ్డకడతాయి.

నాలుగో రోజున ఒక తల్లిపిట్ట నరికిన కొమ్మల మధ్య ఎండుగడ్డి ఏరుతోంది. మంచి పోచలను ఎంచి మరీ ఏరుతోంది. నేను చూస్తూ నిలబడ్డాను.