పన్నెండు రోజుల ఊపిరి

కలీనా నా ఒక్కగానొక్క కూతురు. దాని పెళ్ళి ఇంకా పన్నెండు రోజులుందనగా, పొద్దున్నే వంటింటి బల్ల మీదున్న నా సిగరెట్ పెట్టె తీసుకుని, పొయ్యి మూత ఎత్తి మంటలో పడేసి, చేతులు దులుపుకుంది.

"నాన్నా, పెళ్ళిలోపల ఇంకొక్క సిగరెట్ ముట్టించావో, మన వాకిట్లో బాకా ఊదేది రాదిషా. ముందే చెప్తున్నా, తర్వాత నన్నేమీ అనొద్దు."

నాకు ఒళ్ళు మండింది. రాదిషా కొండకవతల ఊరి బ్యాండులో బాకా ఊదుతాడు. మా ఇంట్లో మూడు తరాలుగా ఆడపిల్ల గడప దాటే వేళ కన్నతండ్రే బాకా ఊది సాగనంపుతున్నాడు. మా తాత మా మేనత్తని అలాగే పంపాడు, మా నాన్న మా అక్కని అలాగే పంపాడు. నా కూతుర్ని రాదిషా పంపుతాడా?

"వాడా? ఊదేటప్పుడు మూతి చూశావా వాడిది? పుల్ల రేగ్గాయ తిన్న కోతిలా..."

"కోతిలా ఉంటే ఉన్నాడు. దగ్గడుగా!"

కిందటేడు మా తమ్ముడి కూతురి పెళ్ళిలో, వాడికి బాకా రాదని నేనే ఊదినప్పుడు జరిగింది ఊళ్ళో ఎవరూ మర్చిపోలేదు. సాగనంపే పాట చివర ఒక పొడుగు స్వరం ఉంటుంది. పెళ్ళికూతురు మెట్టు దిగినప్పుడు మొదలుపెట్టి గేటు దాటేదాకా ఒకే ఊపిరిలో లాగాలి. సగంలో నాకు దగ్గొచ్చింది. చిన్నా చితకా దగ్గు కాదు, నడుం వంగిపోయేంత దగ్గు. ఆ పిల్ల వాకిలి మధ్యలో ఏం చెయ్యాలో తెలియక నిలబడిపోయింది. చుట్టంగా వచ్చిన రాదిషా ఎవరి చేతిలోంచో బాకా అందుకుని మిగతా సగం పూర్తి చేశాడు. నా పరువు గంగలో కలిసింది.

అప్పట్నుంచి సాధన చేసినప్పుడల్లా సరిగ్గా అదే చోట దగ్గు. వంటింట్లో అంట్లు తోముతున్న కలీనా కూడా ఆ చోటు రాగానే చెయ్యి ఆపేసేది. దగ్గు వినబడ్డాక మళ్ళీ తోముకునేది.

"నా పెళ్ళి రోజున నీ దగ్గు కోసం ఎదురుచూస్తూ వాకిట్లో నిలబడలేను నాన్నా," అంది. అది అరిచి చెప్పుంటే నేనూ అరిచేవాణ్ణి. మెల్లగా చెప్పింది.

ముప్ఫయ్యొక్క ఏళ్ళుగా రోజుకి రెండు పెట్టెలు కాల్చిన మనిషిని. ఆ రోజు మధ్యాహ్నానికి కోళ్ళ మీద అరిచాను. నాలుగింటికి మా ఆవిడ దేసంక మీద అరిచాను. ఆవిడ వ్యాను తాళాలు తెచ్చి నా ముందు పడేసింది.

"బస్టాండు పక్కన జాగోర్కా కొట్టుకెళ్ళి ఆ ఆవిరి పీల్చేదేదో తెచ్చుకో. పిల్ల సిగరెట్ వద్దంది, అది వద్దన్లేదు. ఇలాగే అరుస్తూ కూర్చుంటే, అది అత్తారింటికి పోకముందే నేను పుట్టింటికి పోతాను."

జాగోర్కా ఒకప్పుడు బస్టాండులో టికెట్లు ఇచ్చేది. ఆ కిటికీలో కూర్చుని ఆవిడ కాల్చినన్ని సిగరెట్లు మా బ్యాండంతా కలిసి కాల్చలేదు. కౌంటరు ఎత్తేశాక, సిగరెట్లూ మానేసి వేప్ కొట్టు పెట్టుకుంది. నన్ను చూడగానే నవ్వింది.

"రా మిలోయ్‌కో. కలీనా తరిమిందా?"

"అందరికీ తెలిసిపోయిందా అక్కా?"

"మధ్యాహ్నమే రాదిషా వచ్చి చెప్పాడు. కొత్త టోపీ కూడా కొనుక్కున్నాడట."

కొత్త టోపీ! కొట్లో ఉన్నదంతా నాకు కట్టి ఇచ్చెయ్యమన్నాను. ఆవిడ కూర్చోమని చెప్పి, అద్దాల బీరువాలోంచి ఒకటి తీసి నా అరచేతిలో పెట్టింది. ముదురు ఎరుపు రంగు, అగ్గిపెట్టె కంటే కాస్త పొడుగు. పిడికిలి మూస్తే కనబడకుండా పోయింది. పైన చిన్న పాడ్ బిగించి ఉంది, పొగరంగు గాజులా ఉంటుంది కానీ గాజు కాదు. అది ఊడదీసి, పక్కనున్న రబ్బరు బిరడా లాగి, సీసాలోంచి లిక్విడ్ నింపుకోవాలి. అయిపోతే మళ్ళీ నింపుకోవచ్చు. ఫోను చార్జరుతోనే చార్జింగు. బాకా మూతిలాగే దాని మూతి కూడా పెదవికి చక్కగా ఆనింది. నాకు అది వెంటనే నచ్చేసింది, ఆ సంగతి జాగోర్కాకి తెలియనివ్వలేదు.

"రాస్‌బెర్రీ రుచి పొయ్యనా? అందరూ అదే అడుగుతున్నారు."

"అక్కా, నాకు రెండెకరాల రాస్‌బెర్రీ తోటుంది. ఎండాకాలమంతా అవే కోస్తాను, కలలో కూడా అవే కోస్తాను. ఆ పేరెత్తకు."

పొగాకు రుచిదే పోసింది. "ఇప్పుడే లాగకు. లోపల దూది తడవాలి. పది నిమిషాలు," అని కాఫీ పెట్టింది. ఆ పది నిమిషాలూ నేను గోడ గడియారాన్ని కొరకొరా చూశాను.

పదో నిమిషం కాగానే అందుకుని, బాకా పట్టినవాణ్ణి కదా, కడుపు అడుగునుంచి ఒక్క పీల్పు పీల్చాను. దాని మీదున్న చిన్న దీపం వెలిగింది. పాడ్ గుర్రు గుర్రుమంది. ఆవిరికి బదులు లిక్విడే నోట్లోకొచ్చింది. మిరియాల కషాయం మింగినట్టు నాలుక భగ్గుమంది, వెంటనే ఎక్కిళ్ళు పట్టుకున్నాయి.

అంతటితో ఆగినా బాగుండేది. బాకాలో ఉమ్మి చేరి గుర్రుమంటే మేమేం చేస్తాం? గట్టిగా ఊది బయటికి పంపిస్తాం. నా చేతులకీ నోటికీ తెలిసింది అదొక్కటే. అదే పని చేశాను. గాలి కన్నంలోంచి లిక్విడ్ చిమ్మి జాగోర్కా కళ్ళజోడు మీదా, తెల్ల చొక్కా మీదా పడింది.

ఆవిడ కళ్ళజోడు తీసి, చొక్కా కొసతో తుడుచుకుని, నా వంక చూసింది.

"ఇరవై ఏళ్ళ టికెట్ కౌంటర్లో ఎంతోమంది తాగుబోతుల్ని చూశాను. ఎవరూ నా మీద ఉమ్మలేదయ్యా."

"క్షమించు... హిక్... అక్కా."

"ఇది బాకా కాదు. నీ ఊపిరితిత్తుల బలం చూపించే చోటు కాదు. వేడి టీ మొదటి గుక్క ఎలా తాగుతావు? పెదాలు కాలకుండా, మెల్లగా. అంతే. ముందు నోట్లోకి, తర్వాత లోపలికి."

పాడ్ ఊడదీసి, కాగితంలో చుట్టి విదిలించి, తుడిచి మళ్ళీ బిగించి ఇచ్చింది. టీ గుక్కలా లాగాను. వెచ్చని ఆవిరి గొంతులో చిన్న తట్టు తట్టి లోపలికి దిగింది. బయటికి వదిలితే తెల్లగా, పల్చగా వెళ్ళిపోయింది. పొద్దుట్నుంచి వణుకుతున్న వేళ్ళు కుదురుకున్నాయి. "వచ్చింది అక్కా, వచ్చింది!" అని కేకేశాను. బస్సు కోసం వచ్చినవాళ్ళు కొట్లోకి తొంగిచూశారు.

"సంబరపడింది చాలు. ఇది మందేం కాదు, ఇందులోనూ నికోటిన్ ఉంది. పెళ్ళయ్యాక దీన్ని కూడా తగ్గించుకోవాలి," అని తిట్టినట్టే చెప్పింది జాగోర్కా.

ఆ రాత్రి కలీనా దాన్ని చేతిలోకి తీసుకుని వాసన చూసి, "సరే," అంది. నవ్వలేదు. ఇంకా నమ్మకం కుదర్లేదన్నమాట.

మూడో రోజు దగ్గు తగ్గడం పోయి ఎక్కువైంది. బేజారెత్తి జాగోర్కాకి ఫోను చేస్తే, "ముప్ఫయ్యేళ్ళ మసి, ఊడ్చుకోనీ," అంది. ఏడో రోజు పొద్దున కొండవాలు మీదున్న మా తోటలో పైవరస దాకా ఎక్కాను. అక్కడికి చేరాక గుర్తొచ్చింది, దారిలో ఎక్కడా ఆగలేదని. కిందకి చూసి "దేసంకా, పైకొచ్చేశానే!" అని అరిచాను. "అయితే అక్కడున్న పుల్లల మోపు తీసుకుని దిగు," అని అరిచింది. నా కాళ్ళు నేల మీద లేవు.

తొమ్మిదో రోజు కొట్టాం వెనక నిలబడి పొడుగు స్వరం పట్టాను. మనసులో లెక్కపెడుతూ ముప్ఫై దాకా వెళ్ళాను. దగ్గు రాలేదు. పదకొండో రోజు మళ్ళీ పట్టాను. ఇరవై దగ్గర దగ్గాను. వంటింటి కిటికీలో కలీనా కనబడింది. నేను చూస్తున్నానని తెలిసి కిటికీ మూసేసింది. అంటే పెళ్ళి రోజు వచ్చేసరికి, దగ్గుతానో లేదో నాకే తెలియదు.

పెళ్ళిరోజు పొద్దున మా బ్యాండు తొమ్మిదిమందీ వాకిట్లో దిగారు. గేటు దగ్గర రాదిషా నిలబడి ఉన్నాడు, కొత్త టోపీతో, చంకలో బాకా పెట్టెతో. కలీనా నిజంగానే పిలిచింది. గబగబా కొత్త పాడ్ నింపి, దూది తడవడానికి ఆగకుండా లాగేశాను. పాత దుప్పటి కాలినంత కంపు. మళ్ళీ లాగితే మళ్ళీ అదే. కొత్త పాడ్ మాడిపోయింది, పాతది నిన్ననే పారేశాను.

ఇంతలో మగపెళ్ళివారి కార్లు హారన్లు కొట్టుకుంటూ వచ్చాయి. పెళ్ళికొడుకు ఓగ్నెన్ మంచివాడే, బ్యాంకులో పనిచేస్తాడు. కాకపోతే మా దగ్గర పెళ్ళికొడుకు ముందు గడకర్ర చివర కట్టిన యాపిల్ పండుని తుపాకీతో కొట్టాలి. కొడితేనే లోపలికి అడుగు. ఆ అబ్బాయి జన్మలో తుపాకీ పట్టలేదు. మొదటి గుండు ఆకాశంలోకి పోయింది. రెండోది ఎటు పోయిందో ఎవరికీ తెలియదు. మూడోదానికి మా కోళ్ళన్నీ పక్కింట్లోకి వెళ్ళిపోయాయి.

ఎదురుచూస్తూ నిలబడ్డవాళ్ళందరూ సిగరెట్లు ముట్టించారు. వాకిలంతా నీలంగా అయింది. నా ప్రాణం గిలగిల్లాడింది. డోలు వాయించే నా బావమరిది తియోసావ్ ఒక సిగరెట్ తీసి నా పెదాల మధ్య పెట్టేశాడు.

"బావా, ఒక్కటి. పిల్ల లోపల ముస్తాబవుతోంది, చూడదు. వణుకుతున్న చేతుల్తో ఎలా ఊదుతావు?"

"పెళ్ళికొడుకు ఎన్నో గుండు పేలుస్తున్నాడు?"

"ఎనిమిదోది. సాయంత్రం దాకా కొట్టేలా లేడు. ముట్టించు."

లైటరు మంట నా ముక్కు కింద ఉంది. నిజం చెప్పాలంటే ముందుకు వంగాను కూడా. ఆ మంట మీదుగా గేటు దగ్గర రాదిషా కనబడ్డాడు. పెట్టె తెరిచి బాకా బయటికి తీసి, రుమాలుతో తుడుస్తున్నాడు. తుడవనీ అనుకున్నాను, ఎండబెట్టుకోనీ, వాడి పిల్లకి వాడు ఊదుకోనీ. సిగరెట్ తీసి తియోసావ్ చొక్కా జేబులో పెట్టేశాను. పదకొండో గుండుకి యాపిల్ పగిలింది. అందరికంటే గట్టిగా కేకేసింది నేనే.

కలీనా తెల్ల గౌనులో మెట్ల మీదికొచ్చింది. మా ఆచారం ప్రకారం నడిపించుకెళ్ళడానికొచ్చిన మరిది, ఓగ్నెన్ తమ్ముడి చెయ్యి పట్టుకుంది. నా వైపు చూడలేదు, భయపడుతోందని మెడ చూస్తేనే తెలిసింది. పాట మొదలుపెట్టాం. పాట చివరికొచ్చింది. అది మెట్టు దిగింది. నేను ఊపిరి తీసుకుని పొడుగు స్వరం పట్టాను.

పది. పదిహేను. చేతులు వణుకుతూనే ఉన్నాయి, స్వరం మాత్రం వణకలేదు. ఇరవై దగ్గర గొంతు గరగరమంది. కలీనా వాకిలి మధ్యకొచ్చింది, భుజాలు బిగించి దగ్గు కోసం సిద్ధంగా ఉంది. ఆ చోటు వచ్చింది. వెళ్ళిపోయింది. స్వరం సాగుతూనే ఉంది.

కలీనా ఆగిపోయి, గిరుక్కున వెనక్కి తిరిగింది.

ఆడవాళ్ళందరూ ఒక్కసారి "అయ్యో!" అన్నారు. పుట్టిల్లు దాటే పెళ్ళికూతురు వెనక్కి చూడకూడదు. చూస్తే పుట్టే పిల్లలకి పుట్టింటి పోలికలొస్తాయని ఇక్కడ పసిపిల్లలకి కూడా తెలుసు.

"అమ్మాయ్, తిరక్కమ్మా! ముందుకి చూడు!" అని నా వియ్యపురాలు రూజా గేటు దగ్గర్నుంచి మొత్తుకుంది.

అది వినిపించుకోలేదు. నోరు తెరుచుకుని నన్నే చూస్తోంది. కళ్ళకి పెట్టుకున్న నలుపంతా చెంపల మీదికి కారుతోంది, మొహం నిండా నవ్వుంది. ముందుకి తిరగనే లేదు. నావైపే చూస్తూ ఒక్కొక్క అడుగూ వెనక్కి వేసుకుంటూ, మరిది చెయ్యి పట్టి దారి చూపిస్తుంటే గేటు దాకా నడిచింది. నా కళ్ళకి కూడా ఏమీ కనబడ్డం లేదు, గౌను తెలుపు తప్ప. ఆ తెలుపు గేటు దాటేదాకా లాగాను. దాటాక ఇంకాస్త లాగాను.

బాకా దించేసరికి రూజా నడుం మీద చేతులు పెట్టుకుని నా ఎదురుగా నిలబడి ఉంది.

"మీ పుణ్యమా అని ఇక మా మనవలందరికీ మీ ఇంటి ఈ పెద్ద ముక్కే వస్తుంది అన్నయ్యగారూ!"

ఆ ముక్కుకేం, మూడు తరాల ముక్కు అని చెబుదామనుకున్నాను. చెప్పడానికి నా దగ్గర పిసరంత ఊపిరి కూడా మిగల్లేదు.