మొన తీసిన గాలం

నెవా టిబెట్స్ చెక్కల రేవు మీద దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చి శుభవార్త చెప్పేసరికి, లైల్ పెకెట్ అద్దె పడవ అడుగున నిలిచిన నీళ్లు డబ్బాతో తోడిపోస్తున్నాడు.

"ఆయన గుండె బాగుందిట లైల్. బోయిసీ ఆస్పత్రి డాక్టరమ్మ నిన్న సాయంత్రం ఫోన్ చేసింది. మెట్లెక్కొచ్చుట, కట్టెలు కొట్టుకోవచ్చుట, నాతో పోట్లాడొచ్చుట. చేపలూ పట్టొచ్చుట. పెద్ద చేపైతేనో అని నేనే అడిగా. ఎంత పెద్దదీ అంది. ఇదిగో, మోచేతి దాకా చూపించా. ఫోన్లో."

ఆమె అంత గట్టిగా నవ్వడం లైల్ చూసి చాలా కాలమైంది. ఒడ్డు మీద ఆపిన ట్రక్కులో ఆమె భర్త ఓరిన్ వంగి బూట్ల తాళ్లు కట్టుకుంటున్నాడు. ఆ తాళ్లు ఇంకెవరి చేతా కట్టించుకోడు. అందుకే వీళ్లకు ఈ కాస్త సమయం చిక్కింది.

"అయితే ఇవాళ అసలుది కట్టనా?" అన్నాడు లైల్ గొంతు తగ్గించి.

"కట్టు. పాతవి ఎక్కడైనా పారెయ్. ఆయనకు మాత్రం తెలియనివ్వకు. ఒక్క చేప పడితే చాలు, అన్నీ మరిచిపోతాడు."

లైల్ తలూపాడు. మంచి వార్తే. అయినా డబ్బాలో నీళ్లు అతని బూటు మీదే ఒలికాయి.

కిందటి సెప్టెంబరులో ఓరిన్ పడవలో లేచి నిలబడి ఒక కోకనీ చేపను లాగుతూ, లాగుతూనే కూలబడిపోయాడు. ఆస్పత్రి నుంచి వచ్చాక చలికాలమంతా కిటికీ పక్కన కూర్చుని, మంచు కప్పిన రోడ్డును చూశాడు. నీళ్ల మీదకు పోనిస్తే ప్రమాదం. పోనివ్వకపోతే కిటికీ దగ్గరే అయిపోయేలా ఉన్నాడు. అప్పుడు నెవాకు ఈ ఉపాయం తట్టింది. పడవ ఎక్కనిద్దాం, చేప మాత్రం పడకూడదు. ఓరిన్ నిద్రపోతున్న ఒక మధ్యాహ్నం వాళ్ల వంటింటి బల్ల దగ్గర కూర్చుని, లైల్ తీగలు తుంచే చిన్న పట్టకారుతో గాలాల మొనలు ఒక్కొక్కటే తుంచాడు. అవి టిక్కు టిక్కుమని సాసర్లో పడ్డాయి. మొన పోయినా వంపు మిగులుతుంది. ఆ వంపుకు మొక్కజొన్న గింజ గుచ్చితే, దగ్గర పెట్టుకుని చూస్తే తప్ప తేడా తెలియదు. ఓరిన్ కళ్లు అంత దగ్గరవి చూడలేవు. వేళ్లు బిగుసుకుపోయి గింజ గుచ్చలేవు. గింజలు గుచ్చేది లైల్.

మంచు కరిగిన నాటి నుంచీ అదే సాగుతోంది.

ఓరిన్ రేవు మీదికి నడిచి వచ్చాడు. నెవా అతని కోటు పై గుండీ పెట్టి, సరిగా లేదని తీసి, మళ్లీ పెట్టింది. అతను గడ్డం ఎత్తి ఓపిగ్గా నిలబడ్డాడు. ఎనభయ్యేళ్ల వాళ్లిద్దరి మధ్య రోజూ జరిగే ఆ గుండీ తంతును చూడడం లైల్‌కు ఇష్టం. అతనికి పెళ్లి కాలేదు. ఊరి చివర చక్రాల ఇంట్లో ఒక్కడే ఉంటాడు. రంపం మిల్లు మూతపడే దాకా ఓరిన్ కింద పనిచేశాడు. మూతపడ్డాక, ఈ రేవులో పెట్రోలు పోసే ఉద్యోగం ఓరిన్ చెప్పిన మాట వల్లే దొరికింది. ఇప్పటికీ అతన్ని పేరు పెట్టి పిలవడు.

"పదండి మేస్త్రీ."

"తొందరేం లేదోయ్. చేపలు నా కోసం ఏమీ ఎదురుచూడ్డం లేదు," అన్నాడు ఓరిన్. జేబులోంచి జామ్ సీసా తీశాడు. గులాబీ రంగులో నానిన మొక్కజొన్న గింజలు. మూత కాస్త వదులు చేయగానే వెల్లుల్లి, చేపనూనె వాసన గుప్పుమంది. "ఇవాళ సోంపు కూడా వేశా. నెవా వంటింట్లోంచి వెళ్లగొట్టింది."

"కర్టెన్లు కూడా గులాబీ అయిపోయాయి," అంది నెవా. "పోనీలే, పెళ్లిలో నేను అడిగిన రంగు ఇదే. అప్పుడు వద్దన్నాడు."

వేసవంతా ఓరిన్ ఆ గింజలనే అనుమానించాడు. ఒకరోజు ఉప్పు ఎక్కువ వేశాడు. ఒకరోజు ఎరుపు, ఒకరోజు నారింజ. గింజలను ఎంత మార్చినా లాభం లేకపోయేసరికి తన చేతిని అనుమానించడం మొదలుపెట్టాడు. లైల్‌కు నిద్ర పట్టకుండా చేసింది అదే.

తెల్లవారుతుండగా ఓరిన్ సొంత పడవ జలాశయం మధ్యకు వచ్చింది. కొండల వెనక వెలుగు పడుతోంది గానీ నీళ్ల మీదికి ఇంకా దిగలేదు. ఆగస్టు కదా, నీటిమట్టం తగ్గి ఒడ్డున పాత పైన్ మొద్దులు బయటపడ్డాయి. లైల్ చిన్న మోటారును నడకకన్నా నెమ్మదిగా పెట్టాడు. ఓరిన్‌కు వీపు తిప్పి, చొక్కా జేబులోంచి కొత్త గాలం తీసి కట్టాడు. అది బొటనవేలికి గుచ్చుకుంది. ఆ నొప్పి హాయిగా ఉంది. రెండు గింజలు గుచ్చి, ముందర మెరిసే రేకు తగిలించి, దారాన్ని సీసపు గుండు క్లిప్పుకు పట్టించి లోతుకు దింపాడు. గాలపు కర్ర విల్లులా వంగి నిలిచింది. చేప ఎరను కొడితే దారం క్లిప్పు నుంచి ఊడిపోతుంది, కర్ర ఒక్కసారి పైకి లేస్తుంది. అప్పుడు మెల్లగా చుట్టుకోవాలి. అంతే. కోకనీ నోరు ఉల్లిపొర లాంటిది. గుంజితే చిరిగిపోతుంది. ఆ మాట లైల్‌కు నేర్పింది ఓరినే.

"ఒకటి చెప్పాలోయ్," అన్నాడు ఓరిన్ కర్ర వైపే చూస్తూ. "నెవాకు ఇంకా చెప్పలేదు. రేపు ఒకాయన పడవ చూసుకోడానికి వస్తున్నాడు."

"పడవా? ఎందుకు?"

"ఎందుకేంటి. జూన్‌లో పెద్దది కొట్టింది, గుర్తుందా? తర్వాత ఎన్ని కొట్టాయి? ఒక్కటన్నా నిలిచిందా? ప్రతిసారీ నేను ఆలస్యం. ఈ మధ్య ఎంత గట్టిగా గుంజినా అంతే. చేయి పోయిందని తెలిశాక పట్టుకు వేలాడకూడదు. మిల్లులో నేనెవణ్ణీ అలా వేలాడనివ్వలేదు."

లైల్‌కు ఒక్క చేప పడితే చాలన్న నెవా మాట గుర్తొచ్చింది. పడవను వంకర తిప్పాడు. వంపులో దారం ఒక క్షణం వేగం అందుకుంటుంది, చేపకు అదే ఆశ. రెండో వంపులో కర్ర టప్పున పైకి లేచింది.

ఓరిన్ అందుకున్నాడు. "మెల్లగా" అని లైల్ నోరు తెరిచే లోపే రెండు చేతులతో వెనక్కి గుంజాడు, వేసవంతా ఖాళీ దారం నేర్పినట్టే. పడవ వెనక నీళ్లు పగిలి వెండి రేకులాంటి చేప ఒకటి గాల్లోకి లేచింది. మోచేయంత ఉంది. మొదటి ఎండ దాని మీదే పడింది. తర్వాత దారం వదులైపోయింది.

చుట్టుకుంటే గాలం వచ్చింది. దాని మీద గింజలు లేవు. పలచని, తెల్లటి పెదవి తునక ఒకటి ఉంది.

ఓరిన్ ఆ తునకను కళ్ల దగ్గరికి తెచ్చుకుని చాలాసేపు చూశాడు. "ముడి నీది బాగానే ఉంది. చింపింది నేనే. పొట్టేలును లాగినట్టు లాగాను." కర్రను ఒళ్లో అడ్డంగా పెట్టుకున్నాడు. "ఇంక పద."

లైల్ మోటారు ఆపేశాడు.

"చేయి పోలేదు మేస్త్రీ. ఇవాళ్టి దాకా మొన లేదు."

"దేనికి?"

"గాలానికి. నేనే తుంచాను. అన్నీ."

పడవ దానంతటదే కాస్త తిరిగింది. ఓరిన్ అరవలేదు. అరిచి ఉంటే లైల్‌కు సులువుగా ఉండేది.

"జూన్‌లో ఆ పెద్దది?"

"అప్పుడూ లేదు."

"ఏదీ, చూపించు."

లైల్ పెట్టె అడుగు నుంచి పాత గాలం ఒకటి తీసి ఇచ్చాడు. ఓరిన్ దాన్ని బొటనవేలి మీద నొక్కాడు, దొర్లించాడు, మళ్లీ నొక్కాడు. ఎక్కడా దిగలేదు.

"నెవా కదూ?"

"తుంచింది నా చేతులు."

"నేనడిగింది అది కాదు." ఓరిన్ ఆ గాలాన్ని గుప్పిట్లో మూశాడు. "మొద్దు రంపం ఎక్కించి నాకు చెప్పకుండా ఊరుకున్నవాణ్ణి మిల్లులో ఏం చేసేవాణ్ణి?"

"ఇంటికి పంపేవారు."

"ఊఁ. రేవుకు పోనీ."

రేవులో లైల్ చేయి అందించాడు. ఓరిన్ ఆ చేతిని పట్టుకోకుండా గుంజను పట్టుకుని దిగాడు. వెళ్తూ వెళ్తూ పెట్రోలు పంపు దగ్గర ఆగి, గుప్పిట విప్పి ఏదో దాని నెత్తిన పెట్టాడు. వెనక్కి చూడకుండా ఒడ్డెక్కాడు. నెవా ట్రక్కులోంచి దిగి ఎదురొచ్చి, అతని ముఖం చూసి, గుండీ కోసం చాచిన చేతిని వెనక్కి తీసుకుంది. ట్రక్కు కంకర రోడ్డు మీద మలుపు తిరిగేదాకా లైల్ చూస్తూ నిలబడ్డాడు.

పంపు మీద ఉన్నది మొన లేని గాలమే. లైల్ దాన్ని తీయలేదు. అక్కడ ఉండనివ్వడమే సబబనిపించింది.

పని మామూలుగానే గడిచింది. పెట్రోలు పోశాడు, తాళ్లు విప్పాడు, లైఫ్ జాకెట్లు కడిగి ఆరేశాడు. బోయిసీ నుంచి వచ్చిన దంపతులు చేపలు పడుతున్నాయా అని అడిగారు. వేసవంతా ఓరిన్ వినేలా "ఈ ఏడు లేవండీ" అని చెప్పిన నోటితో, "బోలెడున్నాయి, ఆనకట్ట వైపు వెళ్లండి, గుంజకండి" అన్నాడు. మధ్యాహ్నం రొట్టె విప్పి సగం తిన్నాడు. మిగతా సగం బాతులకు వేశాడు. రంపం పొట్టులో ఓరిన్ వెనకాల నడుస్తూ పని నేర్చుకున్న రోజులు గుర్తొచ్చాయి. ఆయన ఒక్కరోజు కూడా లైల్‌కు మొద్దు పనిముట్టు ఇవ్వలేదు.

ఎండ కొండ మీదికి వాలుతుండగా ఫోన్ మోగింది.

"చెప్పేశావు కదూ," అంది నెవా.

"చెప్పాను. క్షమించండి."

"దారంతా మాట్లాడలేదు. ఇంటికి రాగానే సాసరేదీ అన్నాడు. దాచిన చోటు నుంచి తీసిచ్చా. ఆ మొనలన్నీ బల్ల మీద వరసగా పేర్చాడు. నేను ఏడ్చా. ఏడుపయ్యాక చూస్తే నా ముందు మొక్కజొన్న గిన్నె పెట్టి ఉంది, రంగు నువ్వెయ్యి అన్నాడు. వేశా. నా గోళ్లు చూడు. అవున్లే, నీకు కనపడవు. గులాబీ."

"పడవ అమ్మేస్తున్నారా?"

"పడవెందుకు అమ్మడం? ఓహో. అయితే ఇందాక ఎవరికో ఫోన్ చేసి రావద్దన్నది అందుకా. సరే, ఆ సంగతి నేను తేల్చుకుంటా." ఆమె ఊపిరి పీల్చుకుంది. వెనక ఓరిన్ గొంతు ఏదో అంది. "ఉండవయ్యా, చెప్తున్నా. లైల్, విను. రేపు తెల్లారేసరికి సిద్ధంగా ఉండాలిట. మోటారు ఆయన దగ్గర. కర్ర నీ దగ్గర. నేను మధ్యలో కూర్చుని గింజలు గుచ్చాలి. పంపు మీద పెట్టిందే కట్టాలిట, వేరేది కడితే ఊరుకోడుట. ఆ మొన లేనిదాంతో ఆయన ఎన్నాళ్లు పట్టాడో మనమూ అన్నాళ్లు పట్టాలిట."

"అలాగే," అన్నాడు లైల్.

ఫోన్ పెట్టేసి పంపు దగ్గరికి నడిచాడు. వాలు ఎండలో గాలం మెరుస్తోంది. దాని వంపులో ఎండిపోయిన గులాబీ తొక్క ఒకటి ఇంకా అంటుకునే ఉంది.