నీళ్ళు నిండినాక

గుంత మీది బండను పక్కకు జరిపి, లోపల తేలేమైనా ఉందేమోనని టార్చి వేసి చూసి, గంగాధరం మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పొడవాటి ఇనుప రాడ్డును లోపలికి దించి వాల్వు తలకు తగిలించాడు. రెండు చేతులతో తిప్పడం మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, మూడు. ఎగువవీధికి పద్నాలుగు చుట్లు. పన్నెండే తిప్పితే చివరి ఇళ్ళకు గాలి తప్ప నీళ్ళు పోవు. పదహారు తిప్పితే ఆ పాత పైపు ఎక్కడో ఒకచోట పగులుతుంది. ఈ లెక్క ఏ కాగితం మీదా లేదు, అతని కుడి భుజంలో ఉంది. ఇరవయ్యారేళ్ళుగా తిప్పీ తిప్పీ ఆ భుజం ఎడమదానికంటే రెండు వేళ్ళు కిందికి జారింది. ఎంత సరిచేసుకున్నా ఖాకీ చొక్కా ఒక పక్కకు వేలాడుతూనే ఉంటుంది.

పైపులో ముందు గాలి బుసకొట్టింది. తర్వాత గులకరాళ్ళు దొర్లిన చప్పుడు. ఆ వెనక నీళ్ళు. వీధి పొడుగునా బిందెలు కదిలాయి.

పుంగనూరులో ఆ పక్క అయిదు వీధులకు నీళ్ళు వదిలే పని గంగాధరానిది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని, ట్యాంకు నిండినా గంగాధరం కరుణించాలని ఆడవాళ్ళు ఎగతాళి చేస్తారు. నిజానికి అంత మెత్తని పూజారి ఇంకొకడు దొరకడు. ఎవరు గట్టిగా అరిస్తే వాళ్ళకు ఇంకో పది నిమిషాలు వదిలేస్తాడు. అందుకే అందరూ అరుస్తారు.

"ఏమప్పా గంగాధరా, రేపట్నుంచి దీవికంట గదా! మాకు నీళ్ళెవురొదుల్తారు?" మంగమ్మ బిందె కింద పెడుతూ అడిగింది.

"భీమరావు వస్తాడు మా. మీకు పద్నాలుగు సుట్లని సెప్పుండాను."

"ఆయప్పకు పద్నాలుగు దాకా లెక్క వస్తాదా? సరేలే, పొయ్యిరా. సిద్ధమ్మను పడవలో బద్రంగా కూర్సోబెట్టు."

గంగాధరం నవ్వాడు. నెలరోజులుగా అతను ఈ ముచ్చట చెప్పని గడప లేదు. ఆరుద్ర కార్తెలో రెండు మంచి వానలు పడి, బోర్లు కోలుకున్నాక, ఆఫీసులో నాలుగు రోజుల సెలవు ఇచ్చారు. అన్నేళ్ళ సర్వీసులో వరసగా నాలుగు రోజులు ఇవ్వడం అదే మొదలు.

ఏడు గంటలప్పుడు, మూడో గుంత దగ్గర ఉండగా ఫోను మోగింది. కుప్పం నుంచి కూతురు ఉషా. అక్కడొక కాలేజీ ఆఫీసులో పనిచేస్తుంది. ఈ ప్రయాణం ఏర్పాట్లన్నీ ఆమెవే.

"నాయనా, యాడుండావు?"

"ఆస్పత్రి వీధిలో. నీళ్ళొదుల్తాండా. సెప్పు మా."

"నాయనా, పడవ లేదంట."

"యే పడవ?"

"మల్పెలో దీవికి పొయ్యే పడవ. నిన్న సాయంత్రం ఫోన్ చేసి అడిగినాను. వానాకాలం సముద్రం మంచిది కాదంట. అలలు మనిషెత్తు లేస్తాయంట. పడవలన్నీ ఒడ్డున కట్టేసినారంట. మళ్ళా వినాయకచవితి పోయినాకనే."

"వానలు పడినాక కట్టేస్తారా?"

"ఊ."

"నీళ్ళుండంగా?"

"నీళ్ళు శానా ఉండాయనే గదా నాయనా, కట్టేసేది."

ఫోను జేబులో పెట్టుకుని అతను గుంత అంచున అలాగే కూర్చుండిపోయాడు. ఆస్పత్రి వీధికి ముప్పావు గంట. ముప్పావు దాటింది, గంట దాటింది. బిందెలు నిండాయి, తొట్లు నిండాయి, నీళ్ళు కాలవలోకి పారాయి. ఎవరో వచ్చి భుజం తట్టి, "ఏమప్పా, నీళ్ళు వృథాగా పోతాండాయే" అంటే గాని అతను లేవలేదు. ఇరవయ్యారేళ్ళలో ఒక్క బిందెడు నీళ్ళు కాలవ పాలు చేసిన మనిషి కాదు.

తప్పు ఎవరిదో అతనికి తెలుసు.

సిద్ధమ్మది పెద్దతిప్పసముద్రం. పుట్టినూరి పేరులోనే సముద్రం ఉంది, ఊళ్ళో ఉన్నది మాత్రం ఏడాదిలో సగంరోజులు నెర్రెలు విచ్చే చెరువు. పెళ్ళయి వచ్చాక కూడా ఆమె బతుకు కొళాయి ముందు వంతులోనే గడిచింది. నీళ్ళు వదిలేవాడి పెళ్ళామని ఎవరూ అనకూడదని, వీధిలో అందరూ పట్టుకున్నాక చివర్న బిందె పెట్టేది. ఒక్కోసారి అప్పటికి కొళాయి ఆగిపోయేది. మొగుణ్ణి ఒక్క మాట అనేది కాదు.

అలాంటి మనిషి, పోయిన కార్తీకంలో ఉషా ఫోనులో ఒక వీడియో చూపిస్తే, కళ్ళు అప్పగించి చూసింది. ఉడిపి దగ్గరి మల్పె ఒడ్డు నుంచి పడవ బయలుదేరి, నల్లరాళ్ళ దీవి ఒకదానికి చేరుతుంది. చుట్టూ నీళ్ళు, నడుమ ఇంత నేల. "ఇది నిజ్జంగా ఉండాదా?" అని మూడుసార్లు అడిగింది. నాలుగోసారి, "నన్ను ఆడికి పిల్చుకపోతావా మావా?" అంది. చీర అడగలేదు, నగ అడగలేదు. ముప్పయ్యేళ్ళ కాపురంలో ఆమె అడిగింది అదొక్కటే.

ఉషా పుష్యమాసంలోనే పోదామంది. గంగాధరమే వద్దన్నాడు. "ఇప్పుడు నీళ్ళు దిగిపొయ్యే కాలం మా. మన చెరువులో సూడు, మాఘం దాటితే చేపలోళ్ళ పుట్టి బోర్లా పడుంటాది. నీళ్ళు నిండినాక పోదాం, పడవ బాగా తేలతాది." ఉషా పగలబడి నవ్వింది. సముద్రం ఎండిపోదని చెప్పింది. కానీ ఎండలు ముదిరితే నీళ్ళవాళ్ళకు సెలవు ఉండదు, వానలు పడ్డాకయితే దొరుకుతుంది. అదీ నిజమే గదా అని ఆమె కూడా ఊరుకుంది. వాన కురిస్తే ఆగిపోయే పడవ ఒకటి ఉంటుందని ఆ మెట్టనేల మనుషుల్లో ఒక్కరికీ తోచలేదు.

వైశాఖంలో సిద్ధమ్మ కాళ్ళకు నీరు దిగింది. మదనపల్లెకు తీసుకుపోయారు. గుండె బలం పోయిందన్నాడు డాక్టరు. గంగాధరాన్ని ఒక్కణ్ణే బయటికి పిలిచి, "మహా అయితే మూడు నెలలు. ఏదైనా ఆశ పడితే తీర్చెయ్యండి. మెల్లగా తీసుకుపోతే ప్రయాణం చేయగలదు" అన్నాడు. సెలవు దొరికేసరికి ఆ మూడు నెలల్లో ఒకటిన్నర అయిపోయింది. వినాయకచవితి ఇంకా రెండు నెలల పైమాటే.

పొద్దుటి పూట చివరి గుంత తన వీధిదే. ఎనిమిదిన్నరకు దానికి నీళ్ళు వదిలి, ఆఫీసుకు పోయి సంతకం పెట్టి, పది దాటాక ఇల్లు చేరాడు.

సిద్ధమ్మ గోడకు ఆనించిన కుర్చీలో కూర్చుని, ఉబ్బిన కాళ్ళు పీట మీద పెట్టుకుని ఉంది. తలకు నూనె రాసుకుని గట్టిగా జడ వేసుకుంది. పక్కింటి కాంతమ్మ దారిలో తినడానికని కాల్చి ఇచ్చిన నిప్పట్లు డబ్బాలో సర్ది ఉన్నాయి. తలుపు పక్కన నీలం బట్టల సంచి, జిప్పు వేసి, తయారుగా ఉంది. గంగాధరం ఆ సంచి వైపు చూడకుండా లోపలికి నడిచాడు.

"ఏం మావా, పొద్దుపోయింది?"

"ఆస్పత్రి వీధిలో పైపు మొరాయించింది."

ఆమె అతని ముఖం వైపు ఒక్క క్షణం చూసి, "ఆకలితో ఉండావు, తిను" అంది.

దారి పొడుగునా అతను మాటలు కూర్చుకున్నాడు. పడవ లేదు, అయినా మల్పెకు పోదాం, ఒడ్డున నిలబడితే దీవి కనబడుతుంది అని చెప్పాలనుకున్నాడు. ముద్ద నోట్లో పెట్టుకున్నాడు గాని మాట బయటికి రాలేదు. అంతలో ఆమే అడిగింది.

"ఇంగోసారి సెప్పు మావా, యెట్ట పోతామో."

ఈ నెలరోజుల్లో అతను ఆ దారి చెప్పడం ఎన్నోసారో లెక్కలేదు. చెయ్యి కడుక్కుని వచ్చి ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాడు.

"పొద్దున తొమ్మిదింటి బస్సు. పలమనేరు, వెంకటగిరికోట మింద కుప్పం."

"కిటికీ పక్కన నేను."

"నువ్వే. కుప్పంలో ఉషా ఇంట్లో పండుకుంటాం. మర్నాడు రైలెక్కి బెంగుళూరు. రాత్రి బస్సులో ఘాటు దిగి, తెల్లారేటప్పటికి ఉడిపి. ఆడ టీ తాగి, ఆటోలో మల్పె."

"మల్పెలో?"

అతను పీట మీది ఆమె కాళ్ళను సరిగ్గా సర్దాడు.

"మల్పెలో పడవ. ఎక్కేటప్పుడు ఊగతాదంట. నువ్వు నా భుజం పట్టుకో."

"యే భుజం?"

"కుడిది. అది దిగుండాది గదా, నీకు అందతాది."

సిద్ధమ్మ నవ్వింది. నవ్వితే ఆయాసం వచ్చి, రొమ్ము మీద చెయ్యి పెట్టుకుంది. తర్వాత మెల్లగా, "దీవిలో దిగినాక?" అంది.

"దిగి కూర్సుంటాం. సుట్టూ నీళ్ళే."

"ఎవురూ వాల్వు తిప్పకుండానే?"

"ఎవురూ తిప్పకుండానే."

"అయితే ఆడ నీకు పన్లేదు మావా. ఊరికే కూర్సో నా పక్కన."

ఆమె అతని తల మీద చెయ్యి వేసింది. అలాగే కళ్ళు మూసుకుంది. చెయ్యి బరువుగా, చల్లగా ఉంది. నిద్రపట్టిందనుకుని దాన్ని జాగ్రత్తగా తీసి ఆమె ఒడిలో పెట్టాడు. మంచం మీద పడుకోబెట్టి, కాళ్ళ కింద దిండు పెట్టాడు. సాయంత్రం వచ్చి నిజం చెప్పేద్దామనుకున్నాడు. చెప్పాల్సిన మాటను వాయిదా వేయడం ఎంత సులువో ఆ పూట అతనికి బాగా తెలిసొచ్చింది.

మూడు గంటలకు దిగువవీధికి నీళ్ళు వదిలాడు. నాలుగు దాటాక వాల్వు కట్టేస్తూ తొమ్మిది చుట్లు తిప్పాడో లేదో ఫోను మోగింది. కాంతమ్మ.

"అప్పా, ఇంటికి రాప్పా."

"ఏమైంది?"

"టీ ఇద్దామని పిలిస్తే సిద్ధమ్మక్క పలకలేదప్పా. ఒళ్ళు సల్లబడిపోయుండాది. డాక్టరును పిలిపించినాం, సూసి తలకాయ అడ్డంగా ఊపినాడప్పా."

ఫోను జేబులో వేసుకుని, గంగాధరం మిగిలిన అయిదు చుట్లూ తిప్పాడు. సగంలో వదిలేస్తే ట్యాంకు ఖాళీ అయిపోయి, పొద్దున ఎగువవీధికి చుక్క ఉండదు. రాడ్డు పైకి తీశాడు. బండ యథాస్థానంలో పెట్టాడు. నాలుగడుగులు వేశాక తాను చేసినదేమిటో అర్థమయింది. ఆమె చచ్చిపోయిందని విన్నాక కూడా చుట్లు లెక్కపెట్టిన తన చేతుల మీద అతనికి పట్టరాని అసహ్యం పుట్టింది. నడివీధిలో, అందరూ చూస్తుండగా, బావురుమన్నాడు.

ఉషా పొద్దుగూకే వేళకు కుప్పం నుంచి వచ్చి చేరింది. ఏడ్చి ఏడ్చి, తండ్రి పక్కన గోడకు ఆనుకుని కూర్చుంది.

"సెప్పలేకపొయ్‌నాను మా మీ అమ్మకు," అన్నాడు గంగాధరం. "పడవ ఉండాదనే సెప్పినాను. అబద్ధం సెప్పి పంపించినాను."

ఉషా అతని చెయ్యి పట్టుకుంది.

"అమ్మకు తెలుసు నాయనా."

అతను తల తిప్పి చూశాడు.

"పొద్దున ఆరింటికి ముందు అమ్మకే ఫోన్ చేసినాను. పడవ లేదని రెండుసార్లు సెప్పించుకుంది. తర్వాత, 'మీ నాయనకు ఇప్పుడే సెప్పొద్దు, కాస్త ఆగి సెప్పు. నాకు తెల్సినట్టు మాత్రం అనొద్దు మే. నీళ్ళు నిండినాక అనింది ఆయనే గదా, తన తప్పని కుమిలిపోతాడు' అనింది."

గంగాధరం సిద్ధమ్మ అడిగిన ప్రశ్నలన్నీ ఒక్కొక్కటిగా తలుచుకున్నాడు. యే భుజం అని అడిగింది. దిగినాక అని అడిగింది. ఆయాసపడుతూ నవ్వింది. అతను ఆమెను దీవికి తీసుకుపోతున్నాననుకున్నాడు, ఆమే అతన్ని తీసుకుపోయింది.

దీపం పెట్టడానికి చోటు చేస్తూ, కాంతమ్మ తలుపు పక్కనున్న సంచి తీసి అతని ముందు పెట్టింది. జిప్పు కొంచెం విడిపోయి ఉంది. లోపలికి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పొద్దున కొళాయి వచ్చినప్పుడు, నిలబడలేక, నాతో పట్టించిందప్పా. దీవిలో సుట్టూ నీళ్ళేగాని తాగను పనికిరావంట, మా మావకు దప్పిక ఎక్కువ అనె."

ఆ వీధికి కొళాయి వచ్చింది ఎనిమిదిన్నరకు. ఉషా అమ్మకు ఫోను చేసిన రెండున్నర గంటల తర్వాత.

గంగాధరం సంచిలో చెయ్యి పెట్టాడు. మడతపెట్టిన అతని తెల్లచొక్కాకూ ఆమె చీరకూ మధ్య, పడిపోకుండా నిలబెట్టి, ఒక లీటరు సీసా ఉంది. కారకుండా మూత చుట్టూ పాతచీర పీలిక బిగించి కట్టి ఉంది, నీళ్ళు మెడదాకా నిండుగా ఉన్నాయి.